దివాణం పక్కన గొయ్యి

గణపవరం దగ్గరి పాత జమీందారు దివాణాన్ని మ్యూజియం చెయ్యాలనుకున్న ట్రస్టు వాళ్ళు, ఏలూరు ఆర్కిటెక్టు చాందినికి ఒక్కటే షరతు పెట్టారు. టికెట్ల గది, ప్రదర్శనశాల ఎక్కడ కట్టినా సరే, గేటు దగ్గర నిలబడ్డవాళ్ళకి దివాణం తప్ప మరేదీ కనబడకూడదు. చాందిని నెల రోజులు ఆలోచించి, సగానికి పైగా నేలలోకి దిగి, కప్పు మీద పచ్చిక పెరిగే భవనం గీసింది. ట్రస్టు సెక్రటరీ ఈశ్వరప్రసాద్ నమూనా చూసి, "కట్టినా కట్టనట్టే ఉంటుందండీ" అని మురిసిపోయాడు.

నాలుగడుగుల్లోనే నీళ్ళు తగులుతాయని మట్టి పరీక్ష రిపోర్టులో ఉంది. కొల్లేటి పక్క నేల, అంతకంటే ఏం ఉంటుంది? మోటార్లతో తోడుకోవచ్చులే అనుకుంది చాందిని.

దివాణం తూర్పు గోడకి ఆరడుగుల ఎడంలో గొయ్యి తవ్వారు. రెండు మోటార్లు ఆగకుండా నీళ్ళు తోడి పక్కనున్న బోదె కాలవలోకి పోస్తున్నాయి. ఐదో రోజు ఉదయం మేస్త్రీ యేసుదాసు ఆమెని గోడ దగ్గరికి తీసుకెళ్ళాడు. కిటికీ పైన కమాను మీదుగా వెంట్రుకంత పగులు.

"పాతదేమోనండీ" అంది చాందిని.

"పాతదైతే లోపల దుమ్ము పట్టి నల్లబడుద్దమ్మా. ఇది తెల్లగా ఉంది. సెక్రటరీగారి చెవిన వేయండి."

ఆయన పగులుకి అడ్డంగా సన్నటి గాజు ముక్కని సిమెంటుతో అతికించాడు. గోడ కదిలితే ముందు అదే విరుగుతుందన్నాడు.

ఆ మధ్యాహ్నం ఈశ్వరప్రసాద్ ఫోన్ చేశాడు. "వానలు పట్టేలోపు స్లాబు పడాలండీ. అంతా బాగానే ఉందా?"

చాందిని గోడకి వీపు తిప్పి నిలబడింది. "బాగానే ఉందండీ" అంది.

తరవాత మూడు రోజులూ ఆమె అన్నం సరిగ్గా తినలేదు. సైటుకి రాగానే గాజు వైపు చూసేది. విరగలేదు.

నాలుగో రోజు పదకొండింటికి, గోతిలో నలుగురు కూలీలు ఇనుప చువ్వలు కడుతుండగా, యేసుదాసు మోటారు గొట్టం కింద పట్టిన బకెట్ తెచ్చి చూపించాడు. అడుగున బెత్తెడు ఇసుక.

"మన గోతిలో అంతా బంకమట్టేనమ్మా. మరి ఈ ఇసక ఎక్కడిదంటారు?"

చాందిని వంగి ఇసుక చేతిలోకి తీసుకుంది. బంకమట్టి నేలల్లో పాతకాలం వాళ్ళు పునాది కింద ఇసుక పోసేవారు. మోటార్లు నీళ్ళతో పాటు దివాణం కాళ్ళ కింది ఇసుకని లాగేస్తున్నాయి.

అప్పుడే టిక్కుమని చిన్న చప్పుడయింది. గాజు రెండు ముక్కలై ఉంది.

"పైకి రండి! అన్నీ వదిలేసి రండి!" చాందిని గోతిలోకి అరిచింది.

ముగ్గురు నిచ్చెన ఎక్కేశారు. నాలుగో మనిషి విజయకుమారి చీర చెంగు చువ్వకి చిక్కుకుంది. ఆమె లాక్కుంటుండగా కమాను నుంచి రెండు ఇటుకలు జారి, దొర్లి గోతిలో పడ్డాయి. చెంగు చించుకుని పైకొచ్చి, నేలమీద కూలబడింది.

కబురందుకుని ఈశ్వరప్రసాద్ పరుగున వచ్చాడు. "ఇంకో మోటారు పెట్టి పూర్తిగా తోడేస్తే నేల గట్టిపడదాండీ?"

"వద్దండీ. ఉన్నవి కూడా ఆపేయాలి. గొయ్యి నిండనివ్వాలి. నీళ్ళు లేస్తేనే గోడ కింది ఇసుక జారడం ఆగుతుంది."

ఆపించింది కానీ తను అనుకున్నది తప్పయితే గోడ మొత్తం పోతుంది. యేసుదాసు కొత్త గాజు అతికించాడు. నీళ్ళు అంగుళం అంగుళం లేస్తుంటే ముగ్గురూ దూరంగా నిలబడి చూశారు. సాయంత్రానికి చువ్వలు మునిగాయి. గాజు విరగలేదు.

"పొరపాటు ఎక్కడ జరిగిందండీ?" ఈశ్వరప్రసాద్ అడిగాడు.

"నా దగ్గరేనండీ. పగులు నాలుగు రోజుల కిందటే చూశాను. మీకు చెప్పలేదు."

ఆయన ఆమె వైపు చూడకుండానే గేటు వైపు నడిచాడు.

గొయ్యి పూడ్చేశారు. దివాణం వెనక ఉన్న పాత ధాన్యం కొట్లనే బాగుచేసి, వాటిలో మ్యూజియం పెట్టారు. అందుకు ఇంకో ఏడాది పట్టింది. ప్రారంభం రోజున విజయకుమారి కూడా వచ్చింది. జనం కాస్త పలచబడ్డాక చాందిని దగ్గరికొచ్చి, "పగులు సంగతి మీకు ముందే తెలుసంట కదండీ. మరి మమ్మల్ని ఎందుకు దింపారు?" అంది నెమ్మదిగా.

"భయపడ్డానండీ. పని ఆగిపోద్దని."

విజయకుమారి తలూపింది. "గోతిలో ఉన్నది మేం కదండీ" అని, చెప్పులు వేసుకుని బస్సు కోసం రోడ్డు వైపు నడిచింది.