కొత్త తాళం

పొద్దున నరేందర్ గేటుకు కొత్త తాళం వేసి, రెండు తాళంచెవులూ నా బ్యాగులో పడేశాడు. పాతది తుప్పు పట్టిందన్నాడు. మా ఆయన తుప్పు గురించి ఆలోచించే మనిషి కాదు. అయినా ఆలస్యమవుతోందని నోరు మూసుకుని యూనివర్సిటీకి వచ్చి, పరీక్షల విభాగంలో నా సీట్లో కూర్చున్నాను. మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"ఆంటీ, గేటుకు వేరే తాళం ఉన్నది. సార్ ఫోన్ ఎత్తుతలేడు. బాపు అంబులెన్సుల ఉన్నడు."

రజిని గొంతు అది. తార్నాకలో మా కింది పోర్షన్ వాళ్లదే. ఇదే క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. తండ్రి ఉప్పలయ్యకు లివర్ పాడైంది. ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు నిన్ననే చెప్పేశారు. ఆ సంగతి రజిని మాకు చెప్పినప్పుడు నరేందర్ నా పక్కనే ఉన్నాడు.

అతనికి ఫోన్ చేశాను. నాదైతే వెంటనే ఎత్తాడు.

"చీకటి పడేదాక ఆఫీసులనే ఉండు వనజా. చూసి చూసి వాళ్లే ఊరికి తీస్కపోతరు. కిరాయి ఇంట్ల మనిషి పోతే ఏమైతదో నీకెర్క లేదా? నక్షత్రం మంచిది కాకుంటే ఆరు నెలలు ఇల్లు మూసుడే. ఖాళీగున్న పై పోర్షన్ చూస్తందుకు రాత్రి మనుషులొస్తున్నరు. బ్యాంకోడు ఆగుతడా?"

అబద్ధమేం కాదు. కిరాయిలతో వాయిదాలు తీరతాయన్న ధైర్యంతోనే ఆ ఇల్లు కొన్నాం. అవి ఆగితే కోత పడేది నా జీతానికే. భయం వేసింది. కానీ తాళం వేసేది ఆయన, పాపం మూటగట్టుకునేది నేనా అని అంతకు మించిన కోపం వచ్చింది.

"ఆ మనిషి ఇంకా బతికే ఉన్నడు" అని ఫోన్ పెట్టేసి, ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కాను.

ఆర్ట్స్ కాలేజీ ముందు ఏదో ర్యాలీ. ఆటో కదలదు. మళ్లీ రజిని ఫోన్. "ఆంటీ, ఊపిరి ఎగబోస్తున్నడు." పక్క దారిలో పోనిమ్మని డ్రైవర్ మీద అరిచాను. పాపం, అతను వెంటనే తిప్పాడు.

గల్లీలో అంబులెన్స్ ఆగి ఉంది. ఉప్పలయ్య భార్య కాశమ్మ గేటు ఊచలు పట్టుకుని నిలబడింది. కొత్త తాళంలో తాళంచెవి ఒక పట్టాన దూరలేదు. చివరికి గేటు బార్లా తెరిచాను.

స్ట్రెచర్ దించబోతుంటే ఉప్పలయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు. ఓనరమ్మ ఇల్లు ఖరాబైతది. నన్ను గీడనే ఉండనియ్యున్రి."

కాశమ్మ ఏడ్చింది. రజిని బతిమాలింది. వినలేదు. బతుకంతా కిరాయి ఇళ్లలో గడిపిన మనిషి. గోడకు మేకు కొట్టాలన్నా మమ్మల్ని అడిగేవాడు. వద్దంటే ఎందుకని అడిగేవాడు కాదు. ఇప్పుడు కూడా అదే మర్యాద. నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. బతిమాలితే లాభం లేదనుకుని, నీళ్ల మోటారు ఆపలేదని రోజూ గదమాయించే గొంతుతోనే అన్నాను.

"ఉప్పలయ్యా, ఓనర్ను నేను చెప్తున్న. మా గేటు ముంగట పండుడు నాకు నచ్చదు. లోపలికి నడువు."

నా ముఖంలోకి చూశాడు. "సరే అమ్మా" అని చెయ్యి దించాడు.

మంచం మీద పడుకోబెట్టాం. కాశమ్మ చెంచాతో నీళ్లు పోస్తే గుటక వేశాడు. ఊపిరి కాస్త నెమ్మదించింది. రజిని తండ్రి పాదాల దగ్గర కూర్చుంది.

నరేందర్ వచ్చేసరికి ఉప్పలయ్య ఊపిరి ఇంకా ఆడుతూనే ఉంది. బండి దిగకుండానే తెరిచిన గేటునూ, పక్కన నిలబడ్డ నన్నూ చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"పై పోర్షన్ చూసేటోళ్లు చౌరస్తా కాడికి వచ్చిన్రట. ఏం చెప్పాలె?"

"లోపల మనిషి ఉన్నడని చెప్పు" అన్నాను. "చిన్నగ మాట్లాడుమను."