స్విచ్ మధ్యలో ఉన్నప్పుడు

ఆ మోత సన్నగా ఉంది.

సన్నగా, కాస్త ముక్కుతో పలికినట్టు, పక్కగదిలోంచి ఎవరో పిలిచినట్టు. కిటికీ బయట వాన. గదిలో తడి గొడుగుల వాసన, వేడెక్కిన యాంప్లిఫయర్ వాసన. వాటి మధ్య ఆ మోత. తీగ మీంచి వేలు తీసేశాక కూడా అది వెంటనే పోలేదు… కాసేపు ఆగి, అప్పుడు పోయింది.

నా ఒళ్లు ఝల్లుమంది.

వాయిస్తున్నది నా చెల్లెలు.

నిజానికి ఆ గిటార్‌ను కనిపెట్టింది నేను. ప్రకటన చూసింది నేను. ఫోన్ చేసింది నేను. "పాత ఎలక్ట్రిక్ గిటార్ ఒకటుందట, చూసొద్దాం, తోడు రా" అని ఆదివారం పూట చెల్లెల్ని వెంటబెట్టుకు వెళ్లింది కూడా నేనే. ఎవరి కోసమో మాత్రం చెప్పలేదు. నాకు కావాలి అని నోరు తెరిచి అడగడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. అడగకుండానే ఎవరో గ్రహించి ఇవ్వాలి. ఇంతవరకూ ఎవరూ గ్రహించలేదు, అది వేరే సంగతి.

నాది రిపేర్ల కొట్టు. యాంప్లిఫయర్లు, స్పీకర్లు, మైకులు, ఎప్పుడైనా ఒక గిటార్. చెడిపోయి వస్తాయి, బాగుపడి వెళ్లిపోతాయి. పరీక్షించే వంకతో, ఎవరూ లేనప్పుడు, వాయించుకుంటాను.

నాకూ వచ్చు. ఎవరికీ తెలియదు, అంతే.

చెల్లెలు బళ్లో లెక్కలు చెబుతుంది. సెలవు రోజుల్లో నలుగురితో కలిసి స్టేజీ ఎక్కుతుంది. ఆమెకు వచ్చని ఊరంతటికీ తెలుసు.

అమ్మేది ఒక పెద్దాయన. ముప్పై ఏళ్లు హోటళ్లలో వాయించాడట. ఇప్పుడు వేళ్లు మడత పడవు. పెట్టె తెరిచి, మా వైపు తిప్పి, తాను పక్కకు జరిగాడు.

ఒకప్పుడు తెల్లనిదే. ఇప్పుడు పాలు ఎక్కువైన టీ రంగు. ముంజేయి ఆనే చోట పెయింటు పోయి చెక్క బయటపడింది. మెడ వెనక నున్నగా ఉంది, లక్షసార్లు అరచెయ్యి నడిచిన నునుపు. మెడ ముందువైపు అడ్డంగా ఉన్న లోహపు మెట్ల మీద తీగలు కోసిన సన్నటి గాట్లు — ఐదో మెట్టు మీద ఎక్కువ, ఏడో మెట్టు మీద ఇంకా ఎక్కువ. ఆయన ఎక్కడ ఎక్కువసేపు నిలబడేవాడో తెలిసిపోతోంది.

చెయ్యి వేయాలనిపించింది.

వేయలేదు. స్క్రూడ్రైవర్ తీశాను.

నా పద్ధతి అది. ముందు విప్పాలి. అతుకులు చూడాలి, తుప్పు చూడాలి, ఎవడు ఎక్కడ వేలుపెట్టి పాడుచేశాడో చూడాలి. ఆ తర్వాతే వినడం. దాన్ని ఒళ్లో బోర్లా పడుకోబెట్టి, వెనక ప్లేటుకున్న ఆరు స్క్రూల్లో రెండు వదులు చేశాను.

"ముందు వినమ్మా, తర్వాత విప్పుదువు గాని" అన్నాడు పెద్దాయన.

"రెండు నిమిషాలు, మాస్టారూ."

"నీకు ఎప్పుడూ అదే గోల. ఇలా ఇవ్వక్కా" అని చెల్లెలు దాన్ని నా ఒళ్లోంచి లాక్కుంది. వదులైన స్క్రూలను గోటితో బిగించింది. వైరు గుచ్చింది.

"స్విచ్ మధ్యలో పెట్టు" అన్నాడాయన.

పెట్టింది. అప్పుడు వచ్చింది ఆ మోత.

పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. ముడుచుకోని ఆ వేళ్లు మోకాలి మీద కదిలాయి. "ఎవరికివ్వాలా అని ఏడాది నుంచి చూస్తున్నా తల్లీ" అన్నాడు. నాతో కాదు.

చెల్లెలు నా వైపు తిరిగింది. "అక్కా… ఇది నేను తీసుకోనా? నువ్వు నీకోసం చూడట్లేదు కదా?"

అడిగింది. పాపం, అడగనైతే అడిగింది.

"నాకెందుకే. నాకు బెంచీ నిండా పనులు" అన్నాను.

నవ్వాను కూడా.

దారి పొడుగునా వాన. చెల్లెలు తన గొడుగు పెట్టె మీద పట్టింది. తాను తడిసింది. నేను నా గొడుగు కింద పొడిగా నడిచాను.

అసూయ. దానికి ఇంకో పేరు పెట్టి ముద్దు చేయను. కడుపుమంట అంటారు కదా, అది మాటవరసకు అన్నది కాదు. నాకు నిజంగానే అన్నం సహించేది కాదు. అమ్మ ఫోన్ చేసేది — "చెల్లి వాయించి పంపింది, విన్నావా? ఎంత బాగా పలుకుతోందే."

విన్నాను. పదిసార్లు విన్నాను. బెంచీ దగ్గర ఫోన్‌ను చెవికి అదిమి పెట్టుకుని, తలుపు దగ్గరికి వేసి విన్నాను. ఐదో మెట్టు, ఏడో మెట్టు. ఆయన గాట్లలోకే చెల్లెలి వేళ్లు వెళ్లి కూర్చుంటున్నాయి. ఆ ముంజేయి ఆనే చోట ఇప్పుడు ఆమె ముంజేయి.

నా కళ్లు కుట్టాయి. కుట్టనీ అనుకున్నాను.

వానలు తగ్గాయి. ఒక మధ్యాహ్నం చెల్లెలు కొట్టుకొచ్చింది. పెట్టెను పసిపిల్లను దింపినట్టు బెంచీ మీద దింపింది.

"స్విచ్ తిప్పితే చిటపట వస్తోందక్కా. వచ్చే నెల ప్రోగ్రాం ఉంది. నువ్వే చూడాలి, ఇంకెవరికీ ఇవ్వను."

"వదిలేసి వెళ్లు."

వెళ్లింది. తలుపు వేసి, ఆరు స్క్రూలూ తీశాను.

చిటపట అసలు పనే కాదు. దుమ్ము. ఊది, తుడిచి, రెండు చుక్కలు క్లీనర్ వేస్తే పోయింది. ప్లేటు మూయబోతుంటే కనిపించింది — ఒక పికప్ వైర్లు తిరగేసి అతికి ఉన్నాయి.

పికప్ అంటే తీగ వణుకును కరెంటుగా మార్చే అయస్కాంతం చుట్ట. ఈ గిటార్‌కు రెండున్నాయి. స్విచ్ మధ్యలో పెడితే రెండూ కలిసి పలకాలి, గొంతు నిండుగా రావాలి. ఇక్కడ ఒకటి ముందుకు తోస్తుంటే ఇంకొకటి వెనక్కి లాగుతోంది. ఆ లాగులాటలో లావంతా కొట్టుకుపోయి, ఒక సన్నటి పోగు మిగిలింది.

అదే ఆ మోత.

ఎవరో, ఎప్పుడో, పొరపాటున చేసిన అతుకు. ముప్పై ఏళ్లు ఆయన దాని మీదే వాయించాడు.

నాకు తెలుసు. అతుకు చూసిన క్షణంలోనే తెలుసు. తెలియక చేశానని ఏ దేవుడి ముందూ అనలేను.

కానీ పని నేర్పిన వాళ్లెవరైనా ఏమంటారు? తిరగేసిన వైరును సరిచేయమంటారు. అది రిపేరు. నన్ను వేలెత్తి చూపేవాడు లేడు. అతుకులు వేసే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కే ఉంది…

వైర్లు మార్చాను. ఎంత నీటుగా అతికానంటే, నా జీవితంలో అంత మంచి అతుకు ఇంకొకటి వేయలేదు.

సాయంత్రం చెల్లెలు వచ్చింది. స్టూలు మీద కూర్చుని వాయించింది. "చిటపట పోయిందక్కా" అంది. మళ్లీ వాయించింది. స్విచ్ అటు తిప్పింది, ఇటు తిప్పింది, మధ్యలో పెట్టింది. తల వంచి విన్నది.

"నాకే అలా అనిపిస్తోందా…"

"ఎలా?"

"ఏమో. ఇవాళ చెయ్యి కుదరట్లేదు."

ఇవాళ అంది. మర్నాడూ అదే అంది. ఆ మర్నాడు అమ్మ ఫోన్ — "అది తిండి మానేసి వాయిస్తోందే. ఏమైందో నువ్వైనా అడుగు." అడగలేదు. కొత్త తీగలు కావాలంది చెల్లెలు, ఇచ్చాను. వేరే యాంప్లిఫయర్ కావాలంది, ఇచ్చాను. అడిగినవన్నీ ఇచ్చాను, పెద్ద ధర్మాత్మురాలిలా. కడుపులో మంట చల్లారింది. దాని చోట్లోకి ఏదో వచ్చి కూర్చుంది. అదీ అన్నం తిననివ్వలేదు.

ప్రోగ్రాం ఇంకా వారం ఉందనగా పెట్టె పట్టుకుని వచ్చింది. ఎడమచేతి వేళ్లకు ప్లాస్టర్లు.

"ఇది నీ దగ్గరే ఉంచుకో అక్కా. నాకు అచ్చిరాలేదు."

పెట్టెను బెంచీ మీద పెట్టి, నా వైపు తోసింది.

"ప్రోగ్రాం వాళ్లకు రానని చెప్పేశా. మొదట్లో ఏదో గాలివాటంగా వచ్చింది, అంతే. నిజంగా వచ్చుంటే ఇప్పుడూ రావాలి కదా."

"గిటార్‌లో ఏదైనా…"

"నువ్వు చూశాక కూడా దాన్లో లోపముంటుందా? నా చేతిలోనే ఉంది" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "ఒకసారి వాయించు. నువ్వు పరీక్షించేటప్పుడు వాయిస్తావుగా, ఎంతోకొంత. విని వెళ్తా."

గిటార్ నా ఒళ్లోకి వచ్చింది. ఈసారి బోర్లా కాదు. ముంజేయి ఆ అరిగిన చోట ఆనింది. మెడ అరచేతిలో ఇమిడింది. ఇన్నాళ్లూ నేను అనుకున్నట్టే ఉంది, ఏ మాత్రం తేడా లేకుండా.

వాయించాను. ఐదో మెట్టు, ఏడో మెట్టు. నిండుగా, శుభ్రంగా, ఏ కొట్లోనైనా దొరికే గొంతు. ఎంతసేపు వాయించానో తెలియదు. తలెత్తేసరికి చెల్లెలు నోరు తెరుచుకుని చూస్తోంది.

"నీకు వచ్చా అక్కా?"

తల దించి స్విచ్ వైపు చూశాను.

"ఇన్నేళ్లూ చెప్పనే లేదే. ఆ రోజు… ఇది నీకోసమేనా చూడ్డానికి వెళ్లింది? అడిగాను కదక్కా నిన్ను. ఒక్క మాట అంటే ఇచ్చేసేదాన్ని కదా."

ఇచ్చేసేది. నాకు తెలుసు. అందుకే అనలేకపోయానేమో.

"నువ్వు రేపు రా" అన్నాను. "దీన్ని తీసుకెళ్లాలి. ప్రోగ్రాంకి వస్తున్నానని వాళ్లకు చెప్పు. దీనికి ఇంకా ఒక పని మిగిలింది."

ఆమె ప్లాస్టర్ల వేళ్లు మోకాలి మీద కదలకుండా ఉన్నాయి. నా మొహంలోకే చూస్తోంది.

"ఏం పనక్కా?"

తీగలు ఇంకా మోగుతున్నాయి. వాటి మీద అరచెయ్యి పెట్టి ఆపాను.