ఏటి ఆవలి మట్టికుక్క

యౌకాలిని బావిసమాధిలోకి దింపి మూతరాయి వేసి ఇరవై రోజులైంది. అమావాస్యనాడు ఆ రాయి తీసి, అతని తల దగ్గర మట్టికుక్కను పెట్టి, ఆపైన బావినంతా పూడ్చేస్తారు. కుక్క తోడు లేనిదే చచ్చినవాడు చీకటి ఏరు దాటలేడు. ఒక్క మనిషికి ఒక్కటే కుక్క. దాటించాక అది ఊరికే పోదు. ఎవరి ఉమ్మి కలిసిన మట్టితో తను పుట్టిందో, ఆ మనిషి వచ్చేదాకా యజమానిని ఆ ఒడ్డునే ఆపి కాపలా కాస్తుంది.

మరి యౌకాలికి పెళ్లాలు ఇద్దరాయె! ఇద్దరూ కుండలు చేసేవాళ్లే.

పెద్దది ఉత్సిమ. పదహారేళ్లు ఒంటరిగా ఏలుకున్న మొగుణ్ణి తురామ వచ్చి సగం పట్టుకుపోయిందని ఆమె కడుపుమంట. 'బతికినన్నాళ్లూ పంచుకున్నాను. చచ్చాకైనా నాకొక్కదానికే కావాలి' అనుకుంది. అనుకుంటే సరా? ఆమె చేసిన కుక్క కాళ్లు రోకళ్లలా ఉన్నాయి. తురామ చేసిందో, బొద్దు పొట్టా, మడత చెవీ, పిలిస్తే లేచొచ్చేలా ఉంది. సమాధుల పెద్ద కుపూరి దాన్ని చూసిన చూపులోనే తేలిపోయింది, ఏది బావిలోకి దిగుతుందో.

"ఏం చేయివే పిల్లా నీది!" అన్నాడు ముసలాడు.

ఉత్సిమకు ఒళ్లు భగ్గుమంది. ఆమె కుక్కను ఎవరైనా కన్నెత్తి చూస్తే ఒట్టు!

కుక్కల్ని కాల్చే రోజు పొద్దున్నే కట్టెల గుంతలో రెండింటినీ దించారు. తురామ కట్టెలకు వెళ్లింది. ఉత్సిమ అటూ ఇటూ చూసి, సవతి కుక్క బోలు పొట్టలోకి, తోక దగ్గరి మూతిలోంచి పుడిసెడు నీళ్లు పోసింది. తన కుక్కను గుంత ఆ చివరికి జరిపింది. మంట ఎక్కిన కాసేపటికి తురామ కుక్క ఢామ్మని పేలింది.

"తడి ఆరకుండానే పెట్టావా? ఇన్నేళ్లు చేసి ఏం లాభం!" అని కుపూరి కసిరాడు. చల్లారాక తురామ పెంకులు ఒక్కొక్కటీ ఏరి కొంగులో వేసుకుంది. మడత చెవి ఒక్కటే చెక్కుచెదరకుండా మిగిలింది. ఉత్సిమకు ఆ రోజు మొక్కజొన్న జావ రెండు ముంతలు దిగింది.

అమావాస్యనాడు రోకలికాళ్ల కుక్క తాడు మీద బావిలోకి దిగింది. చివరి గంప మట్టి పడేదాకా ఉత్సిమ రెప్ప వేయలేదు. ఇక ఆ కుక్కను ఎవరూ మార్చలేరు.

ఇంటిదారిలో తురామ పక్కకు వచ్చింది.

"అక్కా, ఒక మాట. మొన్న నా పన్ను సలుపుతోందని, వంటకుండ మట్టి పగలకుండా కలపడానికని, నీచేత జమ్ముదూది నమిలించుకున్నానే?"

"నమిలి పెట్టాగా? ఇంకా ఏం కావాలే?"

"పన్నూ లేదు, వంటకుండా లేదు. ఆ నమిలిన దూది నా కుక్క మట్టిలో కలిపాను. నా ఉమ్మీ, నీ ఉమ్మీ. అడిగితే నువ్వు ఒప్పుకోవుగా! ఇద్దరి కోసమూ ఆగుతాడని ఆశపడ్డాను."

ఉత్సిమ కాళ్లు ఆగిపోయాయి.

"పోనీలే, నీ కుక్కయినా దక్కింది" అంది తురామ ముక్కు తుడుచుకుంటూ. "నువ్వు ముందు పోతే, నేను వచ్చేదాకా ఇద్దరూ కాస్త ఆగుతారా అక్కా?"

ఉత్సిమకు మళ్లీ మండింది. ఛీ, దీనిదే పైచేయి! ఓడిపోయి కూడా నాకంటే మంచిదనిపించుకోవాలా! నాలుగు తిట్లు నోటిదాకా వచ్చాయి గానీ, ఏం నోటితో తిడుతుంది? "పద, పొయ్యి రాజెయ్యాలి" అని గబగబా ముందుకు నడిచింది.

కోరుకున్నట్టే అయింది. అవతల యౌకాలి తన ఒక్కదాని కోసమే కాచుకుని ఉంటాడు. తనేమో ఏరు దాటి, తడిబట్టలతో ఒడ్డెక్కుతుంది. కుక్క తోకాడిస్తుంది. మొగుడు తన భుజం మీదుగా వెనక్కి ఏటికేసి చూస్తాడు.

"చిన్నది ఎక్కడే?" అని మొట్టమొదట అడుగుతాడు.