పెడలు మీద పడిన నింద

పుస్తకాలు బైండింగ్ చేసే ఆ కార్ఖానాలో పిన్నులు కొట్టే మిషను దగ్గర ఇప్పుడు ఎవరూ కూర్చోవడం లేదు. కాలితో పెడలు నొక్కితే అచ్చయిన కాగితాల ఫారాల మడత మీద తీగముక్క దిగి వంగే పాత మిషను అది. మొన్నటిదాకా దాని మీద పని చేసిన అమ్మాయికున్న వేగం ఇంకెవరికీ లేదు. అందుకే అందరూ ఆమెను పిన్నులమ్మాయి అని పిలిచేవారు. కడుపు పోయి, సెలవు ముగించుకుని తిరిగి వచ్చిన రోజున ఆమెను అట్టలకు జిగురు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఎవరూ కోపంగా చెప్పలేదు. దయ పేరుతో వేసే శిక్షను ఎవరి దగ్గర ప్రశ్నించాలో తెలియదు కనుక, ఆమె జిగురు కుంచె అందుకుంది.

"పొద్దస్తమానం కాలు ఆడిస్తూ ఉంటే లోపలిది ఎలా నిలుస్తుందమ్మా?" అంది జిగురు బల్ల దగ్గరి పెద్దక్క. "నేనప్పుడే అన్నాను, విన్నావా?"

"పోనీలే అక్కా, ఇప్పుడనుకుని ఏం లాభం," అంది పక్కనున్న ఆవిడ. "దానికి పని పిచ్చి. పెళ్లిలో తాళి కట్టేటప్పుడు కూడా కాలు ఆడించే ఉంటుంది."

బల్ల చుట్టూ నవ్వారు. అది చెడ్డ నవ్వు కాదు. ఆమెను తమలో కలుపుకోవడానికి నవ్విన నవ్వే. కాగితాల కట్టల మీదికి కటింగ్ మిషను బ్లేడు దించుతున్న మనిషి మాత్రం నవ్వలేదు, తల కూడా ఎత్తలేదు. అతను ఆమె భర్త.

మొదటిసారి కడుపు పోయినప్పుడు నింద మెట్ల మీద పడింది. ఆ మెట్లు ఎక్కకుండా ఇంట్లోకి వెళ్లే దారి లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఈసారి పెడలు దొరికింది. పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషికీ అత్తగారు ఆ పెడలు సంగతి మొదటి నుంచీ చెప్పేది. సెలవు రోజుల్లో లోపలి గదిలో పడుకుని ఆమె వినేది. రక్తం పూర్తిగా ఆగలేదు, నడుము నొప్పి తగ్గలేదు, ఒంట్లోంచి ఎవరో లేచి వెళ్లిపోయినట్టు ఉండేది. అంతకన్నా బరువైనది ఇంకొకటి ఉంది. ఆ మిషను కావాలని అడిగింది ఆమే. దాని చప్పుడు ఆమెకు ఇష్టం. ఇష్టపడి కూర్చున్న చోటే బిడ్డను పోగొట్టుకున్నానని ఆమె పూర్తిగా నమ్మింది. కుర్చీలో కూర్చున్నప్పుడు పాదం దానంతటదే కదిలితే, రెండో పాదంతో దాన్ని తొక్కిపట్టి ఉంచేది.

మళ్లీ చూపించుకోమన్న రోజు వచ్చింది. ప్రతిసారీ ఆస్పత్రికి భర్తే తీసుకువెళ్లేవాడు, డాక్టరుతో ముందు అతనే మాట్లాడేవాడు. ఆ రోజు కటింగు పని ఆగడానికి వీల్లేక ఆమె ఒక్కతే వెళ్లింది. డాక్టరమ్మ పరీక్ష చేసి, ఒళ్లు కుదుటపడుతోందని చెప్పింది.

"పరీక్షల సంగతి ఇద్దరూ ఏమనుకున్నారు?" అని అడిగింది.

"ఏ పరీక్షలండీ?"

"మీ ఆయనతో చెప్పాను కదమ్మా. రెండోసారి కూడా ఇలాగే అయింది కాబట్టి ఇద్దరి రక్తమూ ఒకసారి చూద్దామని."

ఆమె కొంచెంసేపు బల్ల అంచు పట్టుకుంది. "ఆ పెడలు మిషను మానేస్తే ఈసారి నిలుస్తుంది కదండీ?"

డాక్టరమ్మ రాయడం ఆపింది. "పెడలు ఏమిటమ్మా? మొదటి నెలల్లో పోయేవాటిలో సగానికి పైగా పిండం సరిగ్గా కుదరకే పోతాయి. అండమూ వీర్యకణమూ కలిసినప్పుడే లోపల క్రోమోజోములు తప్పుగా పడతాయి. మీరు మంచం దిగకుండా పడుకున్నా అది నిలిచేది కాదు. మీకు రక్తం కనిపించేసరికే అది ఎదగడం ఆగిపోయి చాలా రోజులైంది, స్కానులో తెలిసింది. నడిచినా, పని చేసినా, ఏడ్చినా కడుపు పోదు. ఇదంతా మీ ఆయనకి ఆ రోజే చెప్పాను."

"నాకెందుకు చెప్పలేదండీ?"

"కడుపు శుభ్రం చేసినప్పుడు మీరు మత్తులో ఉన్నారు. బయట ఉన్నవాళ్లకి చెబుతాం, వాళ్లు ఇంట్లో చెబుతారనుకుంటాం. ఇక్కడ అలవాటు అదే."

"మత్తు దిగాక కూడా నేను అక్కడే ఉన్నానండీ."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "మీకే చెప్పాల్సింది. మా పొరపాటే," అంది. పొరపాటును ఒప్పుకునే గొంతే అది. కాని తలుపు బయట ఇంకో పేరు పిలుస్తున్నారు.

సాయంత్రం భర్త వచ్చి, చొక్కా మీది కాగితపు నూగు దులుపుకుని భోజనానికి కూర్చున్నాడు. అత్తగారు వడ్డిస్తోంది.

"ఆ రోజు డాక్టరుగారు మీకేం చెప్పారండీ?" అని ఆమె అడిగింది.

"ఏం చెబుతుంది? రెస్టు తీసుకోమంది."

"ఇంకా?"

అతని చెయ్యి కంచంలోనే ఆగింది. "నువ్వు బాధపడతావని..."

"ఇన్నాళ్లూ నేను సంతోషంగా ఉన్నట్టు కనిపించానా మీకు?"

"ఏమిటే ఆ నిలదీయడం? వాణ్ణి తిననియ్యి," అంది అత్తగారు.

"పెడలు వల్ల కాదని ఆవిడ ఆ రోజే చెప్పారట అత్తయ్యా. ఇద్దరూ పరీక్ష చేయించుకోవాలని కూడా అన్నారట."

"వీడికెందుకు పరీక్ష? మోసేది వీడా?"

"అదే అమ్మా," అన్నాడతను, నేల చూస్తూ. "పరీక్ష అంటే కార్ఖానాలో తెలుస్తుంది. నాలోనే ఏదో ఉందనుకుంటారు."

"నాలో ఉందని అనుకున్నప్పుడు మీరు అక్కడే ఉన్నారు," అంది ఆమె. "బ్లేడు దించుతూ ఉన్నారు."

అతను కంచం పక్కకు జరిపాడు.

"ఇప్పుడు చెప్పండి. అత్తయ్యకి మీ నోటితోనే చెప్పండి."

అతను తల ఎత్తాడు. "పెడలు వల్ల కాదందమ్మా. పిండమే సరిగ్గా పడలేదట. ఏ పని చేసినా, చెయ్యకపోయినా పోయేదేనట."

అత్తగారు గరిటె గిన్నెలో పెట్టేసింది. "ఏ పని చేసినానా?"

"అవునమ్మా."

"బరువు మోసినా?"

అతను భార్య వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

అత్తగారు గోడకు ఆనుకుని కూర్చుంది. "నీకు ముందు నాకొక కడుపు పోయిందిరా. నీళ్ల బిందె ఎత్తాను. మా అత్తగారు చూసింది. తను చచ్చేదాకా ఆ మాట అంటూనే ఉంది. నేను ఏ బిందె ఎత్తినా, చంపిన చేతులే చంపిన చేతులే అనేది." ఆవిడ తన చేతుల వైపు చూసుకోలేదు. "మీ డాక్టరుకేం తెలుసు? నిన్న మొన్న చదువుకున్న పిల్ల. బిందె వల్ల కాకపోతే నేను అన్నేళ్లు ఆ మాటలెందుకు పడ్డాను?"

ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన మనిషి బతికి లేదు. తాను పడిన మాటలనే కోడలికి అప్పగించిన సంగతి ఆవిడకు తెలిసినట్టే ఉంది. తెలిసినా, దాన్ని నోటితో ఒప్పుకునే వయసు దాటిపోయినట్టుంది. కోడలు దగ్గరికి వెళ్లి ఓదార్చలేదు. ఓదార్చాలని అనిపించిందో లేదో ఆమెకే తెలియదు.

ఆమె భర్త వైపు తిరిగింది. "రేపు జిగురు బల్ల దగ్గర నిలబడి ఇదే మాట చెప్పండి. తరవాత ఇద్దరం పరీక్షకి వెళదాం."

"అందరి ముందూనా?"

"నన్ను అందరి ముందే అన్నారు."

అతను తల్లి వైపు చూశాడు. చిన్నప్పటి నుంచి ఇరుకున పడినప్పుడల్లా చూసినట్టే చూశాడు.

"నా వైపు చూడకు," అంది ఆవిడ.