వళ్ళియమ్మ చూసిన నాటకం

ఆర్.కె.పేట నేతవీధిలో జగన్నాథన్ అంటే ఎవరికీ తెలియదు, జాడీ జగన్నాథన్ అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. పగలు మగ్గం నేసి, పొద్దుగూకితే నాటకాలకు దీపాలు వేసే మనిషికి ఆ పేరు ఊరికే రాలేదు. స్టేజీ మీద వెలుతురు పెంచాలన్నా తగ్గించాలన్నా ఆయనకున్న సాధనం ఒక ఊరగాయ జాడీ. దాని నిండా ఉప్పునీళ్ళు, అందులోకి దిగే రేకులు, రేకులకు తగిలించిన కరెంటు తీగలు. రేకును లోపలికి దించేకొద్దీ దీపం వెలుగుతుంది, పైకి లాగేకొద్దీ మసకబారుతుంది. నీళ్ళు కాగి పొగలు వస్తున్నా ఆయన చెయ్యి వణికేది కాదు. వాద్యారు జయరామ రాసి ఆడించే నాటకంలో, చెరసాలలో ఉన్న రాణికి తెల్లవారే ఘట్టం ఒకటుంది. ఆ తెల్లవారడం చూడటానికే పళ్ళిపట్టు నుంచి బండ్లు కట్టుకొని వచ్చేవాళ్ళు.

అయితే కరెంటుకు కళాపోషణ తెలియదు. ఒకసారి కనకమ్మ సత్రం అనే ఊళ్ళో ఆట జరుగుతుండగా తడికాలు జారి, జగన్నాథన్ చెయ్యి తీగ మీద పడింది. పడిన చెయ్యి మళ్ళీ రాలేదు. అన్నం క్యారియర్ తీసుకొచ్చిన భార్య వళ్ళియమ్మ, క్యారియర్ అక్కడే వదిలేసి, పందిరికి ఆనించిన ఎండు వెదురు బొంగు అందుకొని ఒక్కటి వేసింది. మణికట్టు విరిగింది, మనిషి దక్కాడు.

ఆ తర్వాత ప్రతి ఆటకూ వళ్ళియమ్మ రావడం మొదలుపెట్టింది. నాటకం చూడటానికి కాదు. తెర వెనక ఒక చెక్కమీద, చేతిలో ఎండు బొంగు పట్టుకొని, మొగుడి చేతుల మీదనుంచి చూపు తిప్పకుండా నిలబడేది. మాటలూ పాటలూ అన్నీ విని విని ఆమెకు నోటికి వచ్చేశాయి. రాజు కిరీటం ఎలా ఉంటుందో, రాణి ఏ రంగు చీర కడుతుందో మాత్రం తెలియదు. ఏండ్లు గడిచినా ఒక్క ఆట ముందు కూర్చొని చూసిన పాపాన పోలేదు.

జగన్నాథన్‌కు ఇది ముల్లులా గుచ్చుకునేది. ఎవరి పుణ్యాన తాను బతికి అన్నం తింటున్నాడో, ఆ మనిషిని తెర వెనక కాపలా పెట్టి ఊరందరికీ వెలుతురు చూపిస్తున్నాడు. వళ్ళియమ్మ ఒక్కసారైనా స్టేజీ ముందు కాళ్ళు చాపుకొని కూర్చొని, మొదటినుంచి చివరిదాకా నాటకం చూడాలి. ఆయన కోరికంతా అదే. పైకి అంటే, "అయితే ఆ జాడీ పగలగొట్టు" అంటుంది. జాడీ పగిలితే ఆట లేదు.

ఆ ముడి విప్పినవాడు వళ్ళియమ్మ తమ్ముడు రత్నస్వామి. అతను చల్లగా వెయ్యేళ్ళు ఉండాలి. అంబత్తూరులో టీవీ బోర్డులు చేసే చోట పని. ఆదివారాలన్నీ సినిమాలు మానుకొని బావ కోసం ఒక డిజిటల్ కంట్రోలర్ తయారుచేశాడు. ఆడికృత్తిక పండక్కి తిరుత్తణిలో ఆట ఉందని తెలిసి, తిరువళ్ళూరు దాకా రైల్లో, అక్కడినుంచి బస్సులో, దాన్ని చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకొని వచ్చాడు.

పలకంత పెట్టె. ముందర వరసగా మీటలు, వాటి పక్కన పైకీ కిందికీ జరిపే పిడులు, పైన ఎర్రగా వెలిగే అంకె.

"దీపాల కరెంటంతా వెనకాల ఇనప పెట్టెలోనే ఉంటాది బావా. నీ చేతికొచ్చేది టార్చిలైటు అంత కూడా లేదు. ఏ సీనుకు ఏ దీపం ఎంత వెలగాల్నో ఒకసారి నేర్పినామంటే అది మనసులో పెట్టుకుంటాది. అయిదో సీనుకు అయిదో మీట నొక్కితే చాలు" అన్నాడు రత్నస్వామి.

"మెల్లంగా తెల్లారుతాదా?"

"నువ్వు ఎంత మెల్లంగా అంటే అంత మెల్లంగా. ఒకవేళ అది మాట వినకపోతే ఈ పిడులు ఉండాయి, చేత్తోనే జరుపుకో. ఇంగొకటి, దీన్ని తెర వెనక పెట్టేది లేదు. జనాల మధ్యలో కూచొని, స్టేజీని చూస్తా వెయ్యాల."

వాద్యారు జయరామ పెట్టెను అటూ ఇటూ తట్టి చూశాడు. "పైన పటారం లోన లొటారం కాదు గదరా? ఆట చెడితే నా పరువు తిరుత్తణి కొండెక్కి దిగదు" అన్నాడు. మధ్యాహ్నం అన్ని సీన్లూ వేసి చూపించాక సరేనని తల ఊపాడు.

సాయంత్రం జగన్నాథన్ భార్య దగ్గరికి వచ్చి, "వళ్ళీ, ఈ పొద్దు నువ్వు ముందర కూచో" అన్నాడు.

"నేనా? నీ పక్కన ఎవురుంటారు?"

"ఎవురూ అక్కర్లే. నీ తమ్ముడు చెప్పినాడు గదా. పో, మంచి తావు పట్టుకో."

ఆమె వెనక్కి వెనక్కి చూస్తూనే వెళ్ళి, ముందు వరసలో ఇసుకమీద కూర్చుంది. జగన్నాథన్‌కు ఆనందం పట్టలేక పూనకం వచ్చినంత పనైంది. ఆ ఆనందంలోనే బుద్ధి గడ్డి తిన్నది.

నేతగాళ్ళు ఆయుధపూజ చేస్తే మగ్గానికంతటికీ కలిపి ఒక బొట్టు పెట్టి చేతులు దులుపుకోరు. నాడెకు ఒకటి, పన్నెకు ఒకటి, దోనెకు ఒకటి. దేనికి పెట్టకపోతే అది అలిగి మొరాయిస్తుందని వాళ్ళ నమ్మకం. ఇంతటి మేలు చేసిన కొత్త సామానుకు ఒక్క బొట్టేమిటని, జగన్నాథన్ గంధం చిక్కగా కలిపి ఒక్కో మీటకూ నిండుగా పూసి, పైన కుంకుమ అద్దాడు. పిడుల దాకా వచ్చేసరికి ఆట మొదలుపెట్టమని వాద్యారు ఈల ఊదాడు, వాటికి గంధం పడలేదు. రత్నస్వామి వెనకాల ఇనప పెట్టె దగ్గర ఉన్నాడు కాబట్టి ఈ వైభవం చూడలేదు.

ఆట మొదలైంది. మొదటి మీట నొక్కితే రాజసభ ధగధగలాడింది. రెండో మీటకు తోట, మూడో మీటకు యుద్ధం. జనం మధ్యలో పెట్టె ముందు కూర్చున్న జగన్నాథన్ స్టేజీని ఒక కంట, వళ్ళియమ్మను ఒక కంట చూస్తున్నాడు. రాజు కిరీటం చూసి ఆమె పక్కామెతో ఏదో అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఆయన లోలోపల రత్నస్వామికీ, కొండమీద సామికీ కలిపి ఒకే దండం పెట్టుకున్నాడు.

చెరసాల సీను వచ్చింది. స్టేజీ అంతా చీకటి, మూల ఒక్క నీలి దీపం. రాణి వేషం కట్టిన ఆరోగ్యమేరి తూరుపు దిక్కుకు తిరిగి తెల్లవారిందని పాట ఎత్తుకుంది. జగన్నాథన్ అయిదో మీట నొక్కాడు.

తెల్లవారలేదు.

మళ్ళీ నొక్కాడు. మీట కిందికి దిగడం లేదు. గంధం సందుల్లోకి కారి, ఎండి, గచ్చులా పట్టేసింది. ఎర్ర అంకె నాలుగు దగ్గరే కూర్చుంది. ఆరోగ్యమేరి పెద్ద ఆటగత్తె. వెలుతురు రాలేదని గ్రహించి, పల్లవినే మళ్ళీ ఎత్తుకుంది, ఇంకా ఆర్తిగా. జనంలో ఈలలు మొదలయ్యాయి.

అప్పుడు వళ్ళియమ్మ లేచింది. ఎప్పుడు తెల్లవారాలో ఆ జనమంతటిలో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. దీపం రాలేదంటే ఆమెకు ఒక్కటే అర్థం. మొగుడి చెయ్యి చిక్కుకుంది. కొంగు బిగించి, జనాన్ని తోసుకుంటూ తెర వెనక్కి బయలుదేరింది. మొగుడు జనం మధ్యన ఉన్నాడన్న సంగతే ఆ గాభరాలో మరిచిపోయింది.

ఆమె మళ్ళీ తెర వెనక్కి పోతుండటం చూసి జగన్నాథన్ ప్రాణం గిలగిల్లాడింది. వద్దని కేకేస్తే ఆ గోలలో వినపడదు. రత్నస్వామి చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. పెద్ద దీపాల పిడి మీద వేలు పెట్టాడు. ఆత్రపడి ఒక్కసారి నెట్టేస్తే మిట్టమధ్యాహ్నం అవుతుంది. ఇన్నేళ్ళూ రేకును నీళ్ళలోకి దించిన చెయ్యి అది, దానికి ఇంకొకరు చెప్పాలా? ఊపిరి బిగబట్టి పిడిని వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా పైకి జరిపాడు. చెరసాల కిటికీలో ముందు బూడిదరంగు, తర్వాత గుమ్మడిపూవు రంగు. ఆరోగ్యమేరి ముఖం మీదికి వెలుతురు పాకింది. జనం గప్‌చుప్.

వళ్ళియమ్మ దారి మధ్యలో నిలబడిపోయింది. అలా నిలబడే స్టేజీ వైపు తిరిగింది.

"ఉక్కారుంగమ్మా! మరైక్కుదు!" అని, కూర్చోమని, ఆట కనబడటం లేదని వెనకనుంచి ఎవరో అరవంలో కసిరారు. ఆమె ఉన్నచోటనే ఇసుకలో చతికిలబడింది. ఆట ముగిసేదాకా అక్కడినుంచి కదలలేదు.

నాటకం అయిపోయాక రత్నస్వామి వచ్చి పెట్టెను చూసి తల పట్టుకున్నాడు. "ఏం బావా, దీనికి పేరంటం చేసినావా?" అన్నాడు. జగన్నాథన్ సిగ్గుతో చచ్చిపోతూనే అతన్ని గట్టిగా కావలించుకున్నాడు. "నీ రుణం తీరదురా సామీ" అన్నాడు. ఆరోగ్యమేరికి రెండు చేతులూ జోడించాడు. "నా పల్లవి అరిగిపోయినాదన్నా, అయినా బాగానే తెల్లారినాది" అని ఆమె నవ్వుతూ వెళ్ళింది.

వళ్ళియమ్మ ఇంకా ఇసుకలోనే ఉంది. జగన్నాథన్ వెళ్ళి పక్కన కూర్చున్నాడు. ఆమెకు చెప్పాలని ఏండ్లుగా దాచుకున్న మాటలు ఆయనకు చాలానే ఉన్నాయి.

ఆమె కళ్ళు తుడుచుకొని ఆయన వైపు తిరిగింది.

"ఇంత బాగా తెల్లారిస్తావా నువ్వు? ఇన్నేండ్లూ నీ చేతుల్నే చూస్తా ఉంటిని. అవి ఏం చేస్తాండాయో నాకు యాడ తెలుసు!"

"నువ్వు చూస్తా ఉండావు గాబట్టే అవి చేసినాయి వళ్ళీ" అన్నాడు జగన్నాథన్.

"సరిలే" అన్నది వళ్ళియమ్మ, ఇసుక దులుపుకొని లేస్తూ. "రేపు కనకమ్మ సత్రంలో ఆట ఉండాది గదా. అక్కడ కూడా నేను ముందరే కూచుంటా, చెప్తాండా."