బొటనవేలి దగ్గర తీగ

మూడో వేలికి తీగ దూర్చేసరికి గోడ గడియారం పదకొండు కొట్టింది. రెండింటికి పరీక్ష. బల్ల మీద అస్థిపంజరం కుడిచేయి ఇరవై ఏడు ముక్కలై పడి ఉంది. ఎవరో విద్యార్థి నిన్న సరదాకి దాంతో కరచాలనం చేసి ఊడలాగాడు.

వైద్య కళాశాలలో ఎముకలకు తీగ కట్టే ఈయన్ని అందరూ తీగలాయన అంటారు. ముప్ఫయ్యొక్క ఏళ్లుగా అదే పని. పుస్తకం తెరిచిన పాపాన పోలేదు గానీ, ఏ కీలు ఎటు తిరుగుతుందో ఆయన్నే అడగాలి. భుజం గిన్నెలో బంతి, ఎటైనా తిరుగుతుంది. మోచేయి తలుపు బందు, దానికి ఒకటే దారి. మెడది బొంగరం వరస. మణికట్టు ఎముకలు ఒకదాని మీద ఒకటి జారతాయి. బొటనవేలి మొదలు మాత్రం గుర్రం మీది జీనులా కూర్చుంటుంది. అక్కడ తీగ రవ్వంత బిగిసినా ఆ చేయి చెంచా కూడా పట్టలేదంటాడాయన.

ఎంత బిగించాలన్నదానికి ఆయన కొలత తన చేయే. ఎముకల వేలు మడుస్తాడు, పక్కనే తన వేలు మడుస్తాడు. రెండూ ఒకేచోట ఆగితే తీగ కొస కత్తిరిస్తాడు.

నాలుగు నెలలుగా ఆయన కుడి బొటనవేలి మొదట్లో సూదులు గుచ్చినట్టుంది. పొద్దున చొక్కా గుండీలతో తంటాలు పడుతుంటే భార్య వచ్చి తనే పెట్టింది.

“రోజంతా డాక్టర్ల మధ్యే ఉంటారు. ఒకరికైనా చూపించకూడదూ?”

“చూపిస్తే ఇంట్లో కూర్చోమంటారు. అప్పుడు రోజంతా నువ్వే నన్ను భరించాలి.”

“నా భయమూ అదే లెండి.”

ఆయన నవ్వాడు గానీ భయం పోలేదు. ఇంకోసారి పని చెడితే ప్లాస్టిక్ అస్థిపంజరాలు తెప్పిస్తానని పెద్ద డాక్టరమ్మ నిన్ననే చెప్పింది.

ఒకటిన్నరకు ఆఖరి తీగ బిగించాడు. పోల్చి చూసుకుని కొస కత్తిరించాడు. అప్పుడే డాక్టరమ్మ వచ్చి ఆ చేతిని తీసుకుంది. వేళ్లు మడిచింది. బాగున్నాయి. బొటనవేలిని చిటికెన వేలి వైపు లాగింది. అది సగంలో ఆగిపోయింది.

“ఇది అటు అందట్లేదేంటి?”

“అంతవరకే వస్తుందమ్మా. చూడండి.” తన చేయి చాపి చూపించాడు.

ఆమె ఎముకల్ని వదిలేసి ఆయన చేతినే చూసింది. తర్వాత తన బొటనవేలితో తన చిటికెన వేలిని తాకి చూపించింది.

తీగలాయనకు సిగ్గుతో తల వాలిపోయింది. ఈ నాలుగు నెలల్లో కట్టిన మరో రెండు అస్థిపంజరాలు మూలన వేలాడుతున్నాయి. వాటికీ తన నొప్పే అంటించాడు.

“వేరేది పెట్టిస్తాను, వదిలేయండి,” అంది డాక్టరమ్మ మెల్లగా.

“అరగంట ఉందిగా. మీ చేయి ఒక్కసారి ఇలా బల్ల మీద పెట్టండమ్మా.”

తీగ తెంచి కొత్తది దూర్చాడు. పట్టకారు నొక్కినప్పుడల్లా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి తన చేతి వంక చూడలేదు, ఆమె చేతినే చూస్తూ రెండు చుట్లు వదులు చేశాడు. ఎముకల బొటనవేలు మెల్లగా జారి చిటికెన వేలిని తాకింది. అప్పటికి రెండు కావడానికి నాలుగు నిమిషాలుంది.

“ఆ మూలవాటివి కూడా వదులు చేయించండమ్మా,” అన్నాడు చొక్కా దులుపుకుంటూ. “ఇక నన్ను పిలవకండి. నా కొలత తప్పింది.”

గంట మోగింది. విద్యార్థులు బిలబిలమంటూ లోపలికొస్తుంటే ఆయన గోడవారగా తప్పుకుని బయటికి వెళ్లిపోయాడు. బల్ల మీద పట్టకారు ఉండిపోయింది, బొటనవేలు ఆనే చోట పిడి గుంటపడి, నున్నగా మెరుస్తూ.