మిగిలిన కూర

ఆ వారం మా ఇంట్లో కూర మిగిలింది.

ఇది చిన్న విషయం కాదు. మా ఇంట్లో ముందు ఆయన తింటాడు, తర్వాత అత్త, తర్వాత పిల్ల. నా వంతు వచ్చేసరికి మట్టి కంచుడులో అడుగున అంటుకున్నదే ఉండేది. దానికి అన్నం రుద్ది తినేదాన్ని. పదకొండేళ్ళు అదే నా కూర. "మా కోడలు కంచుడు సగం తోమే పెడ్తది" అని అత్త వాడకట్టులో చెప్పేది. ఆడవాళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

అలాంటి ఇంట్లో ఆరు రోజులు వరుసగా చిక్కుడుకాయ కూర సగం కంచుడు మిగిలింది.

"నాకు పచ్చిపులుసు చాలు" అన్నాడు ఆయన. "పంటినొప్పి లేస్తాంది, నాకు మజ్జిగ పొయ్యి" అంది అత్త. పక్కింటికి వెళ్ళి మజ్జిగ అడిగి తెచ్చింది కూడా తనే. పిల్ల కంచంలోనూ మజ్జిగే పోసింది. "కూర నువ్వు తిను బిడ్డా, కష్టపడి పెంచినవు" అంది. అప్పటిదాకా నన్ను "పిల్లా" అనేది, కోపం వస్తే "ఏందే" అనేది. బిడ్డా అనడం అదే మొదలు. ఆ మాట కోసమే కావచ్చు, ఆకలి తీరిన తర్వాత కూడా ఇంకో ముద్ద తిన్నాను.

మాకు భూమి లేదు. ఇంటి వెనక గుంటన్నర జాగా ఉంది. పెంకులు, రాళ్ళు, మేకల ఎరువు. మూడేళ్ళ కింద బ్లాకు ఆఫీసు నుంచి విజయలక్ష్మి మేడం వచ్చి భూమి లేని ఇళ్ళ ఆడవాళ్ళను కూర్చోబెట్టి, తలా కొన్ని విత్తనాల పొట్లాలు ఇచ్చింది. పెరటి తోట పెట్టుకోండి, తినగా మిగిలింది అమ్ముకోండి అంది. పురుగుమందులు కొట్టవద్దని, ఏది తింటారో అదే అమ్మమని చెప్పింది. మిగతావాళ్ళ మడులు మేకల పాలయ్యాయి. నేను ముళ్ళకంప కట్టాను. పెంకులు ఏరాను. బోళ్ళు తోమిన నీళ్ళు మడిలోకి పోయేలా కాలువ తీశాను. పొద్దు పొడవక ముందు బావి నుంచి పన్నెండు బిందెలు మోసి, తర్వాత కూలికి పోయి, వచ్చాక పురుగు మీద చల్లడానికి యాపగింజలు దంచి నానబెట్టేదాన్ని. ఆయన కూలి నుంచి వచ్చి మంచం వాల్చుకునేవాడు. "గడ్డి పీక్కుంట కూసుంటే కడుపు నిండుతదా?" అనేవాడు. కడుపు నిండింది. రెండు రూపాయల బియ్యం కార్డు మీద వచ్చేవి. ఉప్పు, నూనె, పిల్ల పలక, అత్త తమాకు, ఆయన బీడీలు మడి నుంచే వచ్చేవి. అప్పటి నుంచి హోటల్ దగ్గర ఎవరైనా అడిగితే "నా తోట" అనేవాడు. నేను దిద్దలేదు. మొగుడి మాట నలుగురిలో దిద్దకూడదని నాకు ఎవరు నేర్పారో గుర్తులేదు. కానీ బాగా నేర్పారు.

నెక్కొండ స్టేషన్ వెనక ఆరు ఇళ్ళు నా కోసం చూసేవి. గంప దించుతూ "మేం తినేదే అమ్మా!" అని అరిచేదాన్ని. అదే నా బేరం, అదే నా కేక. వాళ్ళ పిల్లలు నన్ను సోమక్క అనేవాళ్ళు కాదు. "మేం తినేదే వచ్చింది" అని లోపలికి పరుగెత్తేవాళ్ళు.

ఆ చలికాలం చిక్కుడుకు పేనుబంక పురుగు పట్టింది. మంచు ఆరకముందే లేచి ఆకు ఆకుకూ బూడిద చల్లాను. కొంత పోయింది, కొంత పోలేదు. మచ్చలున్న కాయను ఎవరూ ముట్టుకోలేదు. గంప సగం తిరిగొచ్చింది. ఆయన అప్పుడు నర్సంపేట దిక్కు పెద్ద రైతుల పత్తి చేన్లలో మందు కొట్టే కూలికి పోతున్నాడు.

"ఒక్క దెబ్బ కొడ్తే సాఫ్ అయితది" అన్నాడు.

"వద్దు. మడిల మందు పడ్డనాడు నేను పొయ్యి ముట్టియ్య."

"సరే తల్లీ, నీ బూడిద నువ్వే చల్లుకో."

విన్నాడనుకున్నాను. వారం తర్వాత మా అమ్మకు జ్వరమని కబురొస్తే ములుగు దగ్గర మా ఊరికి పోయి, మూడు రోజులుండి వచ్చాను. వచ్చేసరికి చిక్కుడు పందిరి నిగనిగలాడుతోంది. ఒక్క పురుగు లేదు.

"నీ బూడిదే పనిచేసినట్టుందే" అన్నాడు ఆయన.

నా పనిని పని అని ఆయన అనడం అదే మొదలు. వాసన రాలేదా అని మీరు అడగవచ్చు. ఆ వాసన మా ఇంట్లో రోజూ ఉండేదే. పత్తి చేను నుంచి వచ్చిన ఆయన అంగీ నేనే ఉతికేదాన్ని. నా చేతులకు అదే, మా గొంగడికి అదే. నా ముక్కుకు అది మొగుడి వాసన.

ఆ ఆరు రోజులు కాయలన్నీ అమ్ముడుపోయాయి. కూర మిగిలింది, తిన్నాను. మూడో రోజు నుంచి తల తిరిగింది. నోట్లో నీళ్ళు ఊరాయి, కళ్ళు కారాయి. అత్త నన్ను చూసి, "నెల తప్పిందేమో" అని నవ్వింది. నేను సిగ్గుపడ్డాను.

ఏడో రోజు పొద్దున్నే నెక్కొండలో మొదటి ఇంటి వరలక్ష్మమ్మ నన్ను గంప దించనివ్వలేదు. ఆమె మొగుడికి స్టేషన్ రోడ్డులో కిరాణా కొట్టు ఉంది.

"ఏం పెట్టినవ్ సోమక్కా మాకు? నిన్న పొద్దంతా మా చిన్నదానికి వాంతులు. దవాఖానకు ఉరికినం. చిక్కుడుకాయ కడుగుతాంటే మందు వాసన."

"మా దాంట్ల మందు ఎక్కడిదమ్మా! మేం తినేదే తెస్తాన."

"ఒట్టెయ్యి."

"మా భారతి మీద ఒట్టు. నా మడిల మందు చుక్క పడలే."

ఆమె నా మొహం చూసింది. బిడ్డ మీద ఒట్టు వేసిన ఆడదాన్ని ఇంకేం అడుగుతుంది? "అయితే నీళ్ళు పడలేదేమో" అని తనే సర్ది చెప్పుకుంది. అయినా కాయలు తీసుకోలేదు. గంప అలాగే నెత్తిన పెట్టుకుని ఇంటికి నడిచాను.

పందిరి కింద కూర్చున్నాను. రాలిన పువ్వుల్లో తేనెటీగలు వెల్లకిలా పడి ఉన్నాయి. వారం నుంచి రోజూ ఊడుస్తున్నాను, చూడలేదు. లేచి మేకల కొట్టం చూరు తడిమాను. మూతికి గుడ్డ కుక్కిన సీసా దొరికింది. గుడ్డ తీసి వాసన చూశాను. ఆయన అంగీ వాసన.

ఆ రోజు అమావాస్య. ఆ రోజు చేన్లో పనులుండవు కాబట్టి ఆయన ఇంట్లోనే ఉన్నాడు. గంపలోని కాయలు తీసి, ఈనెలు తీసి, కారం వేసి వండాను. పచ్చిపులుసు చేయలేదు. మజ్జిగకు ఎవరినీ పోనివ్వలేదు. ముగ్గురికీ ఒకేసారి కంచాలు పెట్టి, మూడింట్లోనూ కూర వడ్డించి, ఎదురుగా కూర్చున్నాను.

ఆయన అన్నం కలపలేదు. అత్త దవడ పట్టుకుంది.

"పంటినొప్పి..."

"మెత్తగ ఉడికించిన అత్తా. తిను."

భారతి ముద్ద కలిపి నోటి దాకా తెచ్చుకుంది. నేను పట్టుకునేలోపే అత్త చెయ్యి ఎగిరి ఆ ముద్దను కింద కొట్టింది.

"వద్దు బిడ్డా!"

అదే మాట. బిడ్డా.

పిల్ల ఏడ్చింది. దాన్ని బయటికి పంపి, సీసా తెచ్చి కంచాల మధ్య పెట్టాను.

"అత్తకు చెప్పినవు" అన్నాను ఆయనతో. "నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్తే అమ్మేదానివా?" అన్నాడు. లెక్క తెలియనిదానికి లెక్క చెబుతున్నట్టు చెప్పాడు. "నువ్వు తింటానవు గాబట్టే గట్టిగ అమ్మినవ్. తినకుంట అమ్మితే నీ మొకంలనే తెలుస్తుండె. అయినా నువ్వు మట్టిల పుట్టిన మనిషివి, నీకేమైతది? రెండు దినాలు తల తిరుగుతది, అంతే."

"దునియాల అందరు కొడ్తాండ్లు పిల్లా" అంది అత్త. "నువ్వొక్కదానివే మొగోడి మీదికి లేస్తాన్నవ్."

మళ్ళీ పిల్లనయ్యాను.

అప్పుడు నాకు వచ్చింది కోపం కాదు. ఆరు రోజుల కూర రుచి గుర్తొచ్చింది. కడుపు నిండా తిన్నాను. ఈ ఇంట్లో నన్ను కూడా ఒక మనిషిగా చూశారని తిన్నాను. నేను తిన్నది వాళ్ళకు పనికొచ్చింది. వరలక్ష్మమ్మ నా మొహం చూసి నమ్మింది కదా, ఆ మొహాన్ని వాళ్ళు అలా వండుకున్నారు. ఆయన పంపు మోసి మందు కొట్టినందుకంటే, మేక ముందు గడ్డి వేసినట్టు ఆ కంచుడు నా ముందుకు జరిపినందుకు నేను ఆయన్ని క్షమించను. నా కళ్ళు కారుతుంటే చూసి నవ్వినందుకు అత్తను క్షమించను. ముసలిదని ఎవరైనా అంటే, నేనూ ముసలిదాన్నవుతాను, అప్పుడు కూడా క్షమించను.

ఆ సాయంత్రమే పందిరి కూలదోశాను. తీగలు పీకి, దూరంగా గుంట తవ్వి, సీసాతో సహా పూడ్చాను. ఆయన గడపలో నిలబడి "పిచ్చి లేసిందా?" అన్నాడు. నేను తవ్వుతూనే ఉన్నాను.

మరునాడు ఖాళీ చేతులతో నెక్కొండ పోయాను. ఆరు గడపల ముందు నిలబడి ఒకే మాట చెప్పాను. "మా ఇంట్ల మందు కొట్టిన్లు. నాకు తెల్వక అమ్మిన. ఉన్న కాయలు పారెయ్యుండ్లి."

"బిడ్డ మీద ఒట్టేసినవు గదనే" అంది వరలక్ష్మమ్మ.

"ఏసిన. నా బిడ్డ తినలేదమ్మా. మా ఆయన తినలే, మా అత్త తినలే. నేను తిన్న."

ఆమె తలుపు వేసుకుంది. ఆమెతో కలిపి నాలుగు ఇళ్ళు అలాగే వేసుకున్నాయి. వేసుకోవాలి. వాళ్ళ పిల్లలు వాళ్ళకు ముఖ్యం. అయిదో ఇంట్లో భద్రమ్మ అనే ముసలావిడ మాత్రం మంచినీళ్ళ చెంబు నా చేతికిచ్చింది. "మళ్ళ ఎప్పుడన్న పండిస్తే రా. అప్పుడు చూద్దాం" అంది. ఆరో ఇంటివాళ్ళు బయటికే రాలేదు.

మడిలో పైమట్టి అంతా తీసేశాను. చెరువు మట్టి తెచ్చి పోశాను. ఎన్ని గంపలో చెప్పను. చెప్పినా మా ఇంట్లో అది పని కింద రాదు. విజయలక్ష్మి మేడం ఇచ్చిన తోటకూర విత్తనం సొరబుర్రలో కొంచెం మిగిలి ఉంది. చల్లాను. మడికి తలుపు పెట్టి తాళం వేసి, తాళంచెవి నా పుస్తెల తాడుకు కట్టుకున్నాను. ఇరవై తొమ్మిదో రోజు ఆకు కోశాను. మొదటి కట్ట భద్రమ్మ గడపలో దించుతూ "నేను తినేదే అమ్మా" అన్నాను. "మేం" అనే మాట నోట్లో లేదు.

రెండో కట్ట ఇంటికి తెచ్చి వండాను. ఆయన కూలి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, కంచం ముందు వేసుకుని కూర్చున్నాడు. అత్త పక్కన కూర్చుంది. పంటినొప్పి పోయినట్టుంది. నేను భారతిని పిలిచాను. దానికి వడ్డించాను. నాకు వడ్డించుకున్నాను. ఇద్దరం తినడం మొదలుపెట్టాం. ఆయన చూశాడు. అత్త చూసింది. కంచుడు నా మోకాలి దగ్గరుంది.

"మాకో?" అన్నాడు.

ముద్ద నమిలి మింగాను. ఇంకొంచెం కూర వేసుకున్నాను.

"మిగిలితే పెడ్త."